రొట్టెలవాళ్ళ ఇంటి తలుపు

రాజేశం ఇరవై రెండేళ్ళుగా సౌదీలో చెక్కపని చేస్తున్నాడు గానీ, అతని చేత్తో చేసిన వస్తువు ఒక్కటి కూడా ఆ దేశంలో మిగల్లేదు. అతనిది షట్టరింగు పని. కాంక్రీటు పోయడానికి చెక్కతో అచ్చు కట్టాలి. కాంక్రీటు గట్టిపడ్డాక అదే అచ్చును గడ్డపారతో ఊడగొట్టాలి. దమ్మాంలో వంతెనలు, జుబేల్‌లో ట్యాంకులు, అల్ ఖోబర్‌లో ఎన్నో మేడలు. అన్నీ నిలబడ్డాయి. అతని చెక్క మాత్రం పొయ్యిలోకో, చెత్త లారీలోకో పోయింది. జగిత్యాల దగ్గర ఊళ్ళో వాళ్ళ నాయన చేసిన దర్వాజాల కింది నుంచి జనం ఇప్పటికీ తల వంచి లోపలికి పోతున్నారు. ఈ సంగతి రాజేశం ఎవరితోనూ అనలేదు. అతను మామూలుగానే ఎవరితోనూ ఏమీ అనడు.

2006లో రంజాన్ పండుగ వెళ్ళిన వారానికి ఫోర్‌మన్ లాల్ అహ్మద్ అతన్ని పిలిచాడు. ఇకనుంచి శుక్రవారాలు ఖోబర్ కాంపౌండుకు పోవాలన్నాడు. ఆల్ఫోన్స్ సారుకు ఒక వడ్రంగి కావాలట, తక్కువ మాట్లాడేవాడు కావాలట.

ఆల్ఫోన్స్ సారంటే కంపెనీలో తెలియనివాళ్ళు లేరు. ఆస్ట్రియా దేశం మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా సౌదీలో వంతెనలు కట్టిస్తున్న ఇంజనీరు. ఆయన కేకకు క్రేను మీది మనిషి కూడా దిగి వచ్చేవాడు. అలాంటి మనిషి ఆ శుక్రవారం తన విల్లా వెనక షెడ్డులో స్టూలు మీద కూర్చుని, ఒక ఫోటోను కంటి పక్కకు పెట్టుకుని, కోడి గింజను చూసినట్టు తల వంకరగా తిప్పి చూస్తున్నాడు.

ఆయనతో పాటు రామప్రసాద్ ఉన్నాడు. గుంటూరు వైపు ఇంజనీరు, సారు కింద పదేళ్ళుగా పనిచేస్తున్నవాడు. సారుకూ రాజేశానికీ మధ్య నడిచేది సైట్ల మీద పుట్టిన హిందీ. అందులో సగం అరబ్బీ, సగం చేతులు. మిగిలిన దానికి రామప్రసాద్ కావాలి.

"సారుకి చూపు పోతోందండీ రాజేశం గారూ," అన్నాడు రామప్రసాద్. "నడిమధ్యలో నల్లమచ్చ. చుట్టుపక్కల కొంచెం కనపడుతుందంతే. ఏడాదిలో అదీ ఉండదన్నారు డాక్టర్లు. మార్చి ఆఖర్లో ఎగ్జిట్. సొంతూరు వెళ్ళిపోతున్నారు."

రాజేశం తల ఊపాడు.

"ఆ ఊరు చెక్కలో చెయ్యాలి. బొమ్మ కాదు. కొలతకి కొలత. ఊళ్ళో మీటరుంటే చెక్కలో రెండు సెంటీమీటర్లు. ఇప్పుడు కాస్త చూపుండగానే వేళ్ళతో ఆ ఊరు నేర్చుకుంటారట. అక్కడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఒక్కరే నడవాలని."

సారు రాజేశం వైపు, అంటే రాజేశం చెవి వైపు, తిరిగాడు. "నజ్జార్," అన్నాడు. వడ్రంగికి అరబ్బీ మాట అది. చివరిదాకా ఆయన అదే పేరుతో పిలిచాడు. "అక్కడ నా కూతురు ఉంది. నా చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటోంది. నాకు ఇష్టం లేదు. నేను పుట్టిన వీధిలో నన్ను ఎవరూ నడిపించకూడదు."

ఊరి పేరు హోల్జ్‌బ్రుక్. పట్నమూ కాదు, పల్లెటూరూ కాదు. నది ఒడ్డున పొడుగాటి చౌకు, దానికి రెండు వైపులా భుజం భుజం ఆనించుకున్న ఇళ్ళు, ఒక కొసన వాళ్ళ చర్చి గుడి, ఒక కొసన వంతెన, నడుమ రాతిబావి. రామప్రసాద్ దాన్ని మార్కెట్ టౌన్ అన్నాడు.

"అంగడి ఊరా సారూ?" అన్నాడు రాజేశం. ఆ రోజు అతను నోరు తెరవడం అదే మొదలు. "అంగడి ఏ వారం?"

రామప్రసాద్ అడిగి చెప్పాడు. "మంగళవారమట. ఎప్పుడో అక్కడి రాజు వాళ్ళకి కాగితం రాసిచ్చాడట, మంగళవారం సంత పెట్టుకోవచ్చని. ఏడు వందల ఏళ్ళయింది. అప్పట్నుంచి మంగళవారమే."

రాజేశం చేతిలోని చెక్కపేడు కింద పెట్టాడు. "ఏడు వందల ఏండ్లు. వారం మారలే?"

"మారలేదట."

రాజేశం చదివింది మూడో తరగతి. ఏడు వందల ఏళ్ళంటే ఎంతో అతనికి అంకెల్లో అందలేదు. నాయన, తాత, ముత్తాత అని వేళ్ళు ముడుస్తూ పోయాడు. ఒక చెయ్యి కూడా నిండకముందే పేర్లు అయిపోయాయి.

పని మొదలైంది. సైటులో మిగిలిన ప్లైవుడ్డు నేలకు, ఖోబర్ టింబరు బజారు నుంచి తెచ్చిన గట్టి చెక్క ఇళ్ళకు. సారు కాలేజీ రోజుల్లో స్వయంగా గీసిన పటం ఉంది. రామప్రసాద్ అందులోంచి కొలతలు చదివేవాడు, రాజేశం సుద్దతో బల్ల మీద రాసుకునేవాడు. ఒక్కో ఇల్లు లేచినప్పుడల్లా సారు ఆ ఇంటి కథ చెప్పేవాడు. ఇది తాళ్ళు పేనేవాళ్ళది. ఇది అద్దకంవాళ్ళది, వాళ్ళ నీలిరంగు నీళ్ళకు బాతులు కూడా నీలమయ్యేవి. ఐదు వందల ఏళ్ళ నుంచి ఏ ఇంట్లో ఎవరున్నారో ఊరి కచేరీలో పేర్లు వరసగా రాసి ఉన్నాయి.

ఒక ఫోటోలో ఇంటి పైకప్పు లోపలి దూలాలున్నాయి. ప్రతి దూలం కొసన ఉలితో కొట్టిన గీతలు. ఒకదానికి రెండు, పక్కదానికి మూడు, దాని మీద ఒక అడ్డగీత. రాజేశం ఆ ఫోటోను వెలుగులోకి తీసుకుపోయి చాలాసేపు చూశాడు.

"ఏంటండీ?" అన్నాడు రామప్రసాద్.

"గుర్తులు సారూ. కింద జతచేసి, విప్పి, పైన మళ్ళ బిగించేటప్పుడు ఏది దేనికో తెల్వాలె గద. మేము సుత గిట్లనే కొడ్తం." అతని గొంతు తగ్గింది. "గిదే గీత. మా నాయన గీత."

ఆ దూలాలు ఎక్కించి నాలుగు వందల అరవై ఏళ్ళయిందని సారు చెప్పాడు. రాజేశం తన అరచేతులు చూసుకున్నాడు. సముద్రాలకు అవతల, ఎన్నడూ వినని ఊళ్ళో, పేరు కూడా మిగలని ఒక వడ్లాయన, తనలాంటి వడ్రంగే, కప్పు మీద కూర్చుని, తన నాయన కొట్టినట్టే ఉలి కొట్టాడు. ఆ గీత ఇంకా ఉంది.

వంతెన దగ్గర బురుజు గోడ మీద వరద గుర్తులు ఉలితో చెక్కాల్సి వచ్చింది. నది ఏ ఏడు ఎంత ఎత్తు వచ్చిందో ఆ ఊరివాళ్ళు గోడ మీద గీత కొట్టి ఏడు రాసిపెడతారు. అన్నిటికంటే పై గీత దగ్గర అదే కొలతకు కోసిన చెక్కమనిషిని పెట్టి చూస్తే, మనిషి మీద మనిషి, వాడి మీద ఇంకొకడు నిలబడితే గానీ అందదు.

"1954 వరదప్పుడు నాకు పదమూడేళ్ళు," అన్నాడు సారు. "మాది రొట్టెల ఇల్లు. మా అమ్మ నన్ను పిండి పిసికే తొట్టెలో కూర్చోబెట్టి కిటికీలోంచి వదిలింది. రెండు పిండి బస్తాలు కూడా వేసింది. చౌకు అంతా నది. నేను తొట్టెలో గుడి దాకా పోయాను."

"మరి ఆ వారం అంగడి?" అన్నాడు రాజేశం.

సారు నవ్వాడు. "మంగళవారానికి నీళ్ళు తగ్గలేదు. ఇద్దరు రైతులు పడవల మీద వచ్చి, చౌకు మధ్యలో నిలిపి కోడిగుడ్లు అమ్మారు. అంగడి తప్పకూడదు కదా."

ఒక్క చోట మాత్రం రాజేశం మొండికేశాడు. ఒక ఫోటోలో ఊరి కచేరీ కిటికీ నుంచి బయటికి చాచిన చెక్క చెయ్యి ఒకటి ఉంది, దాని గుప్పిట్లో కత్తి. అన్నీ చేసి ఆ చెయ్యి వదిలేశాడు. అడిగితే, "గా నరికే చెయ్యి నేను చెయ్య," అన్నాడు.

సారు బల్ల మీద కొట్టి నవ్వాడు. అది నరికే చెయ్యి కాదట. ఏడాదికొకసారి జరిగే పెద్ద జాతరలో ఆ చెయ్యి వేలాడదీస్తారు. అది వేలాడినన్నాళ్ళూ సంతలో ఎవరినీ ఎవరూ పట్టుకోవడానికి లేదు. పారిపోయి వచ్చినవాడైనా, ఎక్కడో తగువు పడ్డవాడైనా సరే, చెయ్యి దించేదాకా వాడు అందరిలాగే తిరగొచ్చు, అమ్ముకోవచ్చు.

ఆ సాయంత్రం క్యాంపులో రాజేశం ఈ మాట మౌలాలికి చెప్పాడు. మౌలాలి అదే గదిలో ఉండే ప్లంబరు, కోరుట్ల మనిషి. రాజేశం తనంత తాను ఒక సంగతి చెప్పడం చూసి చపాతీ కర్ర పక్కన పెట్టాడు.

"గసొంటి చెయ్యి మన దమ్మాం సీకో బజార్ల ఒకటి ఏలాడదీస్తే ఎంత మంచిగుండు కాకా! ఇకామా కాయితం లేనోళ్ళంత పోలీసుల భయం లేకుండ దాని కిందనే పండుకుందురు." మళ్ళీ చపాతీ వత్తుతూ అన్నాడు, "అయితే తెల్లాయన ఊరు ఎంతదాక వచ్చింది? నాకు సుత ఓ రూము ఉంచు. నల్లా పని నేను చూసుకుంట."

రాజేశం మూలకు తిరిగి నవ్వుకున్నాడు.

ఆఖరున రొట్టెలవాళ్ళ ఇల్లు మిగిలింది. సారు పుట్టిన ఇల్లు.

రామప్రసాద్ కొలతలు చదివాడు. దక్షిణం ముఖం ఇల్లు. తొమ్మిది మీటర్ల గోడ. తలుపు పడమటి కొసన, మూలను ఆనుకుని. రాజేశం సుద్ద ఆగిపోయింది.

"మళ్ళ చదువుండ్రి."

మళ్ళీ చదివాడు. అదే కొలత.

తలుపు పెట్టేముందు ఇంటి గోడను దారంతో తొమ్మిది భాగాలు చేయాలని రాజేశానికి నాయన నేర్పాడు. ఏ దిక్కు ఇంటికి ఏ భాగంలో తలుపు కూర్చోవాలో లెక్క ఉంది. దక్షిణం ముఖానికి నైరుతి మూల, ఆ తొమ్మిదో భాగం, ఏ వడ్లాయనా ముట్టడు. అక్కడ తలుపు పెడితే ఇంటాయన ఇంట్లో నిలవడు, దేశాలు పట్టుకుని పోతాడు. ఒకసారి ఊరి దొర అక్కడే పెట్టమని పట్టుబడితే, నాయన సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. తిట్లు తిన్నాడు గానీ తలుపు పెట్టలేదు.

రామప్రసాద్ టీ తాగడానికి లోపలికి పోయాడు. రాజేశం దారం తీసి గోడను తొమ్మిది చేశాడు. ఏ వడ్లాయనైనా తలుపు ఆడ పెడతాడా? పటంలోనే ఏదో తప్పు పడి ఉంటుంది అనుకున్నాడు. అది సగం మాటే. మిగిలిన సగం, కండ్లు పోయి ఇల్లు చేరుతున్న మనిషికి తన చేత్తో చెడ్డ తలుపు పెట్టడానికి మనసు రాకపోవడం. రెండు భాగాలు లోపలికి జరిపాడు. చెక్కలో నాలుగు సెంటీమీటర్లు. నైరుతి తప్పింది. చుట్టూ గరుకు కాగితం పట్టి, నున్నగా చేసి, ఏమీ అనకుండా ఇల్లు దాని చోట కూర్చోబెట్టాడు.

జనవరి ఆఖరుకు ఊరు పూర్తయింది. అప్పటికి సారు ఫోటోలు చూడడం మానేశాడు. కనపడవు. బల్ల ముందు నిలబడి, కుడిచేతి రెండు వేళ్ళను కాళ్ళలా చేసి, వంతెన మీంచి చౌకులోకి నడిచేవాడు. ఎడమ పక్క గోడలు లెక్క పెట్టేవాడు. తాళ్ళవాళ్ళు, అద్దకంవాళ్ళు, చేతి తొడుగులవాళ్ళు. కచేరీ మెట్ల దగ్గర వేళ్ళు ఆగి, ఒక్కో మెట్టు దిగేవి. రాజేశం చిన్న మరమ్మతులంటూ ఫిబ్రవరిలో కూడా శుక్రవారాలు పోయాడు. అది సాకు. ఆ వేళ్ళు నడుస్తుంటే చూడడానికి పోయాడు. తాను పేర్చిన చెక్కముక్కల మధ్య ఒక మనిషి నిజంగా తన ఊళ్ళో తిరుగుతున్నాడు. దారిలో ఎవరో ఎదురైనట్టు ఒక్కోసారి నవ్వుతున్నాడు. రాజేశం ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు.

కానీ రొట్టెల ఇంటి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు తడబడేవి. తలుపు నుంచి చౌకులోకి నేరుగా నడిచేవి. బల్ల ఆ చివరిదాకా పోయి ఖాళీగా నిలబడేవి. సారు మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చేవాడు. మళ్ళీ ఖాళీ.

ఫిబ్రవరి మూడో శుక్రవారం ఆయన ఐదారుసార్లు అలా నడిచి, స్టూలు మీద కూలబడి రామప్రసాద్‌తో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. లేచి విల్లాలోకి పోయాడు. పోతూ తలుపు చట్రానికి భుజం కొట్టుకున్నాడు.

"ఏమైంది సారూ?" అన్నాడు రాజేశం.

"వెళ్ళనంటున్నారు." రామప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు పిల్లలంతా ఒక ఆట ఆడేవారట. వీళ్ళింటి గడప మీంచి కళ్ళు మూసుకుని నేరుగా పరిగెత్తడం. ఇరవై రెండు అడుగులు. సూటిగా పోతే బావి రాయి చేతికి తగలాలి. ఆయనకి ఎప్పుడూ తప్పలేదట. ఇప్పుడు వేళ్ళు బావికి తగలడం లేదు. పక్కనుంచి పోతున్నాయి. కళ్ళతో పాటు బుర్ర కూడా పోయింది, ఊరంతా తప్పే గుర్తుంది నాకు, ఇంకేం నడుస్తాను అంటున్నారు. కూతురు ఉండే పట్నంలో అంధుల హోమ్ ఉందట. అందులో చేరతానని ఇవాళ ఉత్తరం రాయమన్నారు."

రాజేశం బల్ల వంక చూశాడు. నాలుగు సెంటీమీటర్లు. ఊళ్ళో అయితే రెండు మీటర్లు. తాను కూర్చోబెట్టిన మంచి తలుపు నైరుతిని తప్పించి, మనిషిని బావికి తప్పించింది.

చెప్పాలనుకున్నాడు. పనిముట్లు సంచీలో సర్దుకుని క్యాంపుకు పోయాడు.

ఆ వారమంతా సైటులో అచ్చులు బిగించాడు, ఊడగొట్టాడు. అన్నం సగం వదిలేశాడు.

"ఏమైంది కాకా, ఇంటికాడ ఎవరికన్న పానం బాగలేదా?" అన్నాడు మౌలాలి.

"ఒక దర్వాజ తప్పు పెట్టిన."

"తియ్యి, సరిగ్గ పెట్టు. గంతే గద!"

"సరిగ్గ పెట్టాల్నంటే తప్పుల పెట్టాలె."

మౌలాలి అతని నుదురు మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూశాడు.

శుక్రవారం రాజేశం కొత్త గోడ చెక్క ఒకటి కోసుకుని సంచీలో పెట్టుకుపోయాడు. సారు బల్ల దగ్గరికి రాలేదు. రామప్రసాద్ బతిమాలితే వచ్చి, దూరంగా స్టూలు మీద కూర్చున్నాడు.

"సారూ, ఆయనకు చెప్పుండ్రి," అన్నాడు రాజేశం. "తలుపు నేను జరిపిన."

"ఏ తలుపు?"

"రొట్టెల ఇంటిది. కాయితంల ఉన్నట్టు పెట్టలే. రెండు భాగాలు జరిపిన."

రామప్రసాద్ ముఖం ఎర్రబడింది. "మీరా? నెల రోజుల్నుంచి ఆయన తలకొట్టుకుంటుంటే పక్కనే నిలబడి చూస్తున్నారే! మీకు తెలిసే..."

"తెల్సు."

"నేను చెప్పలేనండీ ఇది. మీరే చెప్పుకోండి."

రాజేశం వెళ్ళి సారు ముందు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఏ ఇంజనీరునూ అతను తాకలేదు. వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బల్ల దగ్గరికి నడిపించి, వేలును తలుపు మీద పెట్టాడు. తరవాత ఆ వేలును గోడ వెంట పడమటికి జరిపాడు. ఒక భాగం. ఇంకో భాగం. మూల దగ్గర, తలుపు లేని వట్టి గోడ మీద ఆపి, వేలి మీద వేలితో కొట్టాడు.

"ఇధర్," అన్నాడు. "అస్లీ దర్వాజా ఇధర్. గల్తీ మేరా."

సారు రెండో వేలు కూడా మొదటిదాని పక్కన నిలబడింది. రెండు వేళ్ళూ వట్టి గోడ నుంచే బయలుదేరాయి. పరిగెత్తాయి. రాతిబావికి ఠక్కున తగిలి ఆగాయి.

సారు బావి అంచు మీద వేళ్ళు అలాగే ఉంచి, తన భాషలో మెల్లగా ఏదో అన్నాడు. అంకెలు లెక్కపెడుతున్నట్టుంది. బహుశా ఇరవై రెండు దాకా. యాభై ఏళ్ళ కిందటి పిల్లవాడి పరుగు ఆ వేళ్ళలో చెక్కుచెదరకుండా ఉంది. కొలబద్ద పెట్టి చేసిన తన గోడ తప్పయింది, ఆ పరుగు ఒప్పయింది.

"ఎందుకు జరిపావు?" అన్నాడు సారు.

రాజేశం తొమ్మిది భాగాల లెక్క చెప్పాడు. కోపం తగ్గని గొంతుతోనే రామప్రసాద్ దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు.

"ఆ మూల తలుపు ఉంటే ఏమవుతుందట?"

"ఇంటాయన ఇంట్ల ఉండడు. దేశాలు పట్టుకొని పోతడు."

సారు పెద్దగా నవ్వాడు. కళ్ళలోంచి నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "మా తాత అమెరికా పోయాడు. మా నాన్న యుద్ధానికి పోయాడు, రాలేదు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఇసకలో ఉన్నాను. నీ లెక్క నిజమే నజ్జార్." ఆగి అడిగాడు. "మరి నీ ఇంటి తలుపు?"

"మా నాయన పెట్టింది. నాలుగో భాగంల. వెంట్రుకంత తప్పు లేదు."

"మరి నువ్వెందుకు ఇక్కడున్నావు?"

రాజేశం సంచీలోంచి కొత్త గోడ తీశాడు. ఉలి తీసి నైరుతి మూలన, తొమ్మిదో భాగంలో, తలుపు కోశాడు. నాయన చూస్తే ఏమనేవాడో అనుకున్నాడు. ఎప్పుడో ఒక వడ్లాయన ఆ మూలనే తలుపు పెట్టాడు. నాలుగు వందల ఏళ్ళుగా ఆ తలుపులోంచి రొట్టెలు బయటికి వచ్చాయి, వరదలో తొట్టె దాని పక్క కిటికీలోంచే పోయింది, ఇల్లు నిలబడే ఉంది. ఆ వడ్లాయన తప్పు చేశాడో లేదో తీర్చడానికి తానెవరు?

ఉత్తరం పోస్టు కాలేదు. మార్చి ఆఖరున సారు వెళ్ళిపోయాడు. ఊరు వేళ్ళలోకి ఎక్కింది గనక చెక్క ఊరు ఇక్కడే ఉంచి, షెడ్డు తాళం రాజేశానికి ఇప్పించాడు.

మే నెలలో రామప్రసాద్ సైటు మీదికి వచ్చాడు. నెత్తిన హెల్మెట్టు, ముఖాన నవ్వు.

"సారు ఫోన్ చేశారండీ! మొన్న మంగళవారం నడిచారట. సంతలో. వంతెన మీంచి ఒక్కరే. కూతురు ఇరవై అడుగుల వెనకాల ఏడుస్తూ వచ్చిందట. తాళ్ళవాళ్ళు, అద్దకంవాళ్ళు, కచేరీ మెట్లు, ఒక్కటీ తప్పలేదు. వాళ్ళిల్లు ఇప్పుడు చెప్పుల కొట్టయింది గానీ తలుపు అక్కడే ఉందట. ఆ గడప మీంచి బావికి బయలుదేరారు."

రాజేశం సుత్తి కింద పెట్టాడు. "తగిలిందా?"

"తగిలింది. కానీ బావికంటే ముందు మోకాలికి బెంచీ తగిలిందట. ఈ మధ్యనే ఎవరో వేశారట అక్కడ. నీ నజ్జార్ ఊళ్ళో బెంచీ లేదు, చెప్పు వాడికి అని ఒకటే నవ్వు."

రాజేశం జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"ఎన్ని కాళ్ళ బెంచి సారూ?"

"అదంతా నాకేం తెలుసండీ!"

"అడుగుండ్రి. వీపు ఆనించుకునే చెక్క ఉన్నదో లేదో సుత అడుగుండ్రి. బావికి ఎన్ని అడుగుల ఇవతల ఉన్నదో."

రామప్రసాద్ నవ్వాడు గానీ అడిగాడు. శుక్రవారం రాజేశం షెడ్డు తాళం తీసి, బల్ల మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచి, గోరంత బెంచీ ఒకటి కోశాడు. నాలుగు కాళ్ళు, వీపు చెక్క. దాని అడుగున ఉలి మొనతో మూడు గీతలు కొట్టి, మీద ఒక అడ్డగీత పెట్టాడు. ఊరి లెక్కన బావికి మూడడుగుల ఇవతల జిగురుతో నిలబెట్టాడు.

జిగురు ఆరేదాకా కూర్చున్నాడు. తరవాత రెండు వేళ్ళు రొట్టెల ఇంటి తలుపు ముందు నిలబెట్టి, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మెల్లగా నడిచాయి. బెంచీ దగ్గర ఆగాయి, పక్కనుంచి తిరిగాయి, బావి రాయిని తాకాయి.